ప్రోగ్రాము పరీక్షలో పచ్చగుర్తు: దాని విలువ ఎంత?

చేసిన లెక్కను సరిచూచుకొనుట మంచి విద్యార్థి లక్షణము. భాగహారము చేసినవాడు భాగఫలమును విభాజకముతో గుణించి, దానికి శేషమును కలిపి, విభాజ్యము తిరిగి వచ్చినదా అని చూచుకొనును. వచ్చినచో నిశ్చింతగా తరువాతి లెక్కకు పోవును. కంప్యూటరునకు ప్రోగ్రాములు వ్రాయువారిలో కూడ ఇట్టి అలవాటు ఒకటి కలదు. పెద్ద ప్రోగ్రామును చిన్న చిన్న భాగములుగా విడదీసి, ఒక్కొక్క భాగమునకు సమాధానము ముందే తెలిసిన ప్రశ్నను ఇచ్చి, ఆ సమాధానమే వచ్చుచున్నదా అని చూతురు. దీనినే యూనిట్ టెస్టు అందురు. ఇట్లు సరిచూచు పనిని చేయునది కూడ ఒక ప్రోగ్రామే. మనిషి ప్రశ్నను, రావలసిన సమాధానమును ఒక్కసారి వ్రాసిపెట్టినచో, యంత్రము ఆ ప్రశ్నను వేయిసార్లయినను విసుగు లేక అడిగి చూడగలదు.

ఇటీవలి సంవత్సరములలో ఈ పని మరింత సులభమైనది. ప్రోగ్రాము వ్రాయుటకు వాడెడు ఎడిటరులోనే ప్లగ్-ఇన్ అను చిన్న అనుబంధమును చేర్చుకొన్నచో, పరీక్ష వ్రాసిన పంక్తి ప్రక్కనే ఒక మీట కనబడును. దానిని నొక్కగానే పరీక్ష జరిగి, సమాధానము సరిపోయినచో పచ్చగుర్తు, సరిపోనిచో ఎర్రగుర్తు ఆ ప్రక్కనే వెలయును.

హైదరాబాదునకు ఉత్తరపు అంచున, కొంపల్లి మీదుగా మేడ్చల్ వైపు సాగు 44వ నంబరు జాతీయ రహదారికి చేరువలో, ధూలపల్లి, మైసమ్మగూడ, కండ్లకోయ మొదలగు చోట్ల ఇంజనీరింగు కళాశాలలు పెక్కు వెలసినవి. ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరొందిన ఈ ప్రాంతమున నేడు వేలకొలది విద్యార్థులు ప్రోగ్రాములు వ్రాయుట నేర్చుచున్నారు. ఇట్టి విద్యార్థికి ఈ మీట దినమునకు పలుమార్లు తోడుపడు సాధనము. కావున ఇది ఏమి చేయగలదు, ఏమి చేయలేదు, ఏమి నేర్పును, ఏమి మరపించును అను గుణదోష విచారణ అవసరము.

ఉపకరణపు పుట్టుక

ఈ పద్ధతికి బాట వేసినవాడు అమెరికా దేశమునకు చెందిన కెంట్ బెక్. ఆయన స్మాల్‌టాక్ అను భాషలో పనిచేయువారి కొరకు ఒక చిన్న పరీక్షా సాధనమును కూర్చి, 1994లో దానిని వివరించుచు వ్యాసము ప్రకటించెను. 1997లో ఆయనయు, స్విట్జర్లాండునకు చెందిన ఎరిక్ గామాయు జూరిక్ నుండి అట్లాంటాకు విమానములో పోవుచు, ఆ సాధనమును జావా భాషలో తిరిగి నిర్మించిరి. అదియే జేయూనిట్. అందులో ఫలితమును ఒక రంగుపట్టీ చూపెడిది. అన్ని పరీక్షలు సరిపోయినచో పట్టీ పచ్చనగును. ఒక్కటి తప్పినను ఎర్రనగును. నేటి ఎడిటరులలో కనబడు పచ్చగుర్తు ఆ పట్టీకి సంతానమే. పైథాన్ భాషకు కూడ ఇట్టి సాధనము తయారై, 2001లో వెలువడిన 2.1వ కూర్పు నుండి ఆ భాషతోనే కలసి వచ్చుచున్నది.

గామా తరువాత ఎక్లిప్స్ అను ఎడిటరు నిర్మాణములో ముఖ్యపాత్ర వహించెను. జేయూనిట్ ఆ ఎడిటరులో అంతర్భాగమయ్యెను. 2011లో ఆయన మైక్రోసాఫ్టు సంస్థలో చేరి, విజువల్ స్టూడియో కోడ్ అను ఎడిటరును నిర్మించిన బృందమునకు నాయకుడయ్యెను. 2015లో వెలువడిన ఈ ఎడిటరులో పరీక్షలను నడపు పనిని మొదట ఒక్కొక్క ప్లగ్-ఇన్ తన రీతిలో తాను చేసెడిది. 2021లో అన్ని భాషల ప్లగ్-ఇన్‌లకును ఉమ్మడిగా ఒక పరీక్షల పలక ఎడిటరులోనే ఏర్పడినది. రసాయనశాలలోని గాజుకుప్పె బొమ్మ దానికి గుర్తు. పరీక్షా సాధనమును కనిపెట్టినవారిలో ఒకడే ఎడిటరును కూడ నిర్మించుటచేత ఈ రెండును ఇంత సన్నిహితములైనవని చెప్పిన అతిశయోక్తి కాదు.

పనిచేయు విధము

ఈ పలక చేయు పని మూడు అంచెలుగా సాగును. మొదటిది వెదకుట. ప్లగ్-ఇన్ ఫైళ్ళ పేర్లను చూచి, పరీక్షలుగా తోచిన వానిని ఏరును. పైథాన్‌తో వచ్చు సాధనములో పరీక్షాభాగము పేరు 'టెస్ట్' అను మాటతో మొదలు కావలెనను నియమము కలదు. ఆ పేరు లేనిదానిని యంత్రము పరీక్షగా గుర్తింపదు. రెండవది నడుపుట. ఎడిటరు తానై పరీక్షను చేయదు. ఆ యంత్రముమీద ఉన్న పైథాన్‌లలో విద్యార్థి ఎన్నుకొన్న దానిని వేరుగా పిలిచి, ఈ పరీక్షలను నడుపుమని దానికి అప్పగించును. మూడవది తెలుపుట. వచ్చిన ఫలితములను ప్రోగ్రాములోని ఏ పంక్తికి ఏది చెందునో పోల్చి, ఆ పంక్తుల ప్రక్కన రంగుగుర్తులను ఉంచును. తప్పినచోట రావలసినది ఇది, వచ్చినది ఇది అని రెండింటిని చూపును.

ఈ మూడు అంచెలును ఒక్క మీటలో ఇమిడిపోవుట ఉపకరణపు గుణము. అవి ఇమిడిపోయి కంటికి కనబడకుండుటయే దాని దోషమునకును మూలము.

దీనివలని మేలు

మేలును ముందుగా చెప్పుట న్యాయము. తప్పు చేసినప్పటికిని, అది తెలిసినప్పటికిని మధ్య కాలము ఎంత తక్కువయైన దిద్దుట అంత సులభము. ప్రయోగశాలలో బ్యూరెట్టు మీది అంకెను అప్పుడే వ్రాసుకొనుటకును, ఇంటికి పోయి జ్ఞాపకము తెచ్చుకొని వ్రాయుటకును గల భేదము విజ్ఞానశాస్త్రము చదువువారికి తెలియనిది కాదు. ఎడిటరును విడువకుండ, తలపు చెదరకుండ, మార్చిన పంక్తి ఫలితమును వెంటనే చూడగలుగుట విద్యార్థికి పెద్ద సహాయము. ఇంకను ముందుకు పోయి, మీట నొక్కునంత పని కూడ లేకుండ, వ్రాయుచుండగనే వెనుక పరీక్షలు నడచు పద్ధతిని అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో డేవిడ్ సాఫ్, మైకేల్ ఎర్న్‌స్ట్ అనువారు 2003, 2004 సంవత్సరములలోనే పరిశోధించిరి.

రెండవ మేలు ధైర్యము. పాత ప్రోగ్రామును ముట్టుకొన్న ఎక్కడ ఏమి చెడునో యను భయము అందరికిని కలదు. చుట్టును పరీక్షలు ఉన్నచో, మార్పు చేసి మీట నొక్కిన చాలును. చెడినది ఏదో ఎర్రగుర్తు చూపును. మూడవది, ఒక్క పరీక్షను మాత్రము ఎన్నుకొని, దానిని మధ్యలో నిలిపి, ఆ క్షణమున లోపలి విలువలు ఎట్లున్నవో పరిశీలింపవచ్చును. ఇంతటి సౌకర్యము ఇరువది యేండ్ల క్రిందట విద్యార్థులకు సులభముగా దొరకినది కాదు. నేడు దీనికి రుసుము కూడ లేదు.

కొంపల్లిలో అక్షరములెన్ని?

ఇక సాధనపు హద్దులను ఒక చిన్న ఉదాహరణముతో పరిశీలింపవచ్చును. దుకాణముల పేరుపలకలు వ్రాయు ఒకడు అక్షరమునకు ఇంత అని రుసుము తీసికొనుననుకొందము. పేరును ఇచ్చినచో అక్షరములను లెక్కించు ప్రోగ్రామును ఒక విద్యార్థి వ్రాయవలెను. మొదటి పరీక్షగా అతడు 'కొంపల్లి' అను మాటను తీసికొనెను. కొం, ప, ల్లి: అక్షరములు మూడు. పాఠశాల పిల్లవాడు తడుముకొనక చెప్పును.

పైథాన్‌ను ఈ మాట పొడవెంత అని అడిగినచో అది ఎనిమిది అనును. ఏలయన, ప్రపంచ లిపులన్నింటికి సంఖ్యలు కేటాయించిన యూనికోడ్ పద్ధతిలో తెలుగు గుణింతపు గుర్తులకు, పొల్లునకు వేరువేరుగా సంఖ్యలు కలవు. క, ఒత్వము, సున్న, ప, ల, పొల్లు, ల, గుడి: ఇవి ఎనిమిది. మూడు రావలసినచోట ఎనిమిది వచ్చినందున పరీక్ష ఎర్రనైనది. పరీక్ష తన పనిని చక్కగా చేసినది.

విద్యార్థి ఆలోచించి, గుణింతపు గుర్తులను, సున్నను వదలి, అచ్చులను హల్లులను మాత్రము లెక్కించెను. క, ప, ల, ల: నాలుగు. మరల ఎరుపే. పొల్లు రెండు హల్లులను కలిపి ఒక అక్షరముగా చేయుచున్నదని గ్రహించి, హల్లుల లెక్క నుండి పొల్లుల లెక్కను తీసివేసెను. నాలుగు నుండి ఒకటి పోగా మూడు. పచ్చగుర్తు వెలసినది. ఒక్క మాటతో ఆగిపోయినచో ఇక్కడితో పని ముగిసినట్లే తోచును.

అదే రహదారి మీద కొంత ముందుకు పోయిన మేడ్చల్ వచ్చును. ఆ పేరుతో రెండవ పరీక్ష చేసిన ఏమగును? మ, డ, చ, ల: హల్లులు నాలుగు. పొల్లులు రెండు. తీసివేయగా రెండు. కాని పలక మీద వ్రాయునపుడు మే, డ్చ, ల్ అని మూడు అక్షరములు కదా! ఎర్రగుర్తు వచ్చినది. చివరి పొల్లు ఏ హల్లును కలుపుట లేదు కనుక దానిని తీసివేయరాదు. పొల్లు తరువాత హల్లు వచ్చినచోట మాత్రమే తీసివేయవలెనని నియమమును దిద్దగా, రెండు పేర్లకును పచ్చ వచ్చినది.

ఇంతవరకు జరిగినది పరీక్షల మేలునకు నిదర్శనమే. అసలు ప్రశ్న ఇప్పుడు వచ్చును. ఇదే ప్రోగ్రామును ఛందస్సు నేర్పు తెలుగు ఉపాధ్యాయుడు గణవిభజనకు వాడదలచెననుకొందము. ఛందస్సులో పొల్లు హల్లు వేరుగా లెక్కకు రాదు. ముందరి అక్షరముతో కలసి దానిని గురువు చేయును. కనుక మేడ్చల్ అను మాటలో ఛందస్సు ప్రకారము అక్షరములు రెండే: రెండును గురువులే. అనగా ఎర్రగుర్తు వచ్చినందున విద్యార్థి పారవేసిన వెనుకటి ప్రోగ్రామే ఉపాధ్యాయునికి సరియైనది! పలక వ్రాయువానికి పచ్చయైనది ఛందస్సు చెప్పువానికి ఎరుపు. ఛందస్సు చెప్పువానికి పచ్చయైనది పలక వ్రాయువానికి ఎరుపు. కొంపల్లి అను ఒక్క మాటతో పరీక్షించినంతకాలము ఈ రెండు ప్రోగ్రాములకును భేదమే కనబడదు.

దీనినిబట్టి తేలునదేమి? ఎర్రగుర్తునకు ప్రోగ్రాము తప్పు అని అర్థము కాదు. పచ్చగుర్తునకు ప్రోగ్రాము ఒప్పు అని అర్థము కాదు. పరీక్ష వ్రాసినవాడు అనుకొన్నదానికిని, ప్రోగ్రాము చేసినదానికిని పొత్తు కుదిరినదా లేదా అని మాత్రమే ఆ రంగులు చెప్పును. అనుకొన్నది సరియా అను ప్రశ్న ఎడిటరుకు అందనిది. దానికి సమాధానము పలక వ్రాయువాని వద్దనో, ఛందస్సు చెప్పువాని వద్దనో తెలిసికొనవలెను. ప్రక్కనే మీట సిద్ధముగా ఉన్నప్పుడు, లేచి పోయి అడుగు ఓపిక తగ్గుట మనుష్య సహజము. ఈ ఉపకరణముమీద చేయవలసిన మొదటి ఆక్షేపణ ఇదియే.

లేని పరీక్షలు, మారు యంత్రములు

రెండవ ఆక్షేపణ వెదకుటకు సంబంధించినది. విద్యార్థి ఇరువది పరీక్షలు వ్రాసి, ఒకదాని పేరులో పొరపాటున 'టెస్ట్' అను మాటను సరిగా వ్రాయలేదనుకొందము. ప్లగ్-ఇన్ దానిని పరీక్షగా గుర్తింపదు; తప్పు అని చెప్పదు. తక్కిన పందొమ్మిదియు పచ్చగా వెలుగుచుండగా, ఇరువదవది జాబితాలోనే లేదను సంగతి కంటికి ఆనదు. ఉన్న తప్పును ఎరుపు చూపును గాని, లేని పరీక్షను చూపు రంగు ఏదియు లేదు.

పైథాన్ సాధనములోనే దీనికి ఒక విచిత్రమైన ఉదాహరణము ఉండెడిది. ఒక్క పరీక్షయు దొరకనప్పుడు అది సున్న పరీక్షలు నడచినవని చెప్పి, దాని క్రిందనే 'ఓకే' అని వ్రాసెడిది. తెల్లకాగితమును ఇచ్చిన విద్యార్థి జవాబుపత్రములో అక్షరదోషములు లేవని మెచ్చుకొన్నట్లున్నది ఇది. 2023 అక్టోబరులో వెలువడిన పైథాన్ 3.12లో దీనిని దిద్దిరి. ఇప్పుడు పరీక్షలేవియు నడవలేదని అది స్పష్టముగా చెప్పుటయే గాక, తనను పిలిచిన ప్రోగ్రామునకు వైఫల్య సంకేతమును కూడ పంపును. 2001 నుండి భాషతో కలసియున్న సాధనములో ఈ దిద్దుబాటునకు ఇరువది రెండు సంవత్సరములు పట్టినది.

మూడవ ఆక్షేపణ నడుపుటకు సంబంధించినది. ఎడిటరు పిలుచు పైథాన్ ఒకటి, కళాశాల ప్రయోగశాలలోని యంత్రముమీద ఉన్న పైథాన్ మరియొకటి కావచ్చును. ఇంటిలో పచ్చయైనది అక్కడ ఎరుపగుట విద్యార్థులకు తరచు ఎదురగు చిక్కు. దీనికి కొంపల్లియే మంచి ఉదాహరణము. మనిషి ఒక్క అక్షరముగా చూచుదానిని యంత్రము ఎట్లు విడదీయవలెనో యూనికోడ్ సంస్థ నియమములు చేసినది. 2023 సెప్టెంబరుకు ముందున్న నియమముల ప్రకారము ల్లి అనునది ల్, లి అని రెండుగా విడిపోయెడిది. కనుక కొంపల్లికి లెక్క నాలుగు. ఆ సెప్టెంబరులో వచ్చిన 15.1వ కూర్పులో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరములను విడదీయరాదను నియమము చేరినది. అప్పటినుండి లెక్క మూడు. ఈ నియమములను అమలుచేయు సాధనము పాత కూర్పు ఒక యంత్రముమీద, కొత్త కూర్పు మరియొక యంత్రముమీద ఉన్నచో, విద్యార్థి తన ప్రోగ్రాములో ఒక్క పంక్తియు మార్చకుండగనే ఒకచోట ఎరుపు, ఒకచోట పచ్చ కనబడును. మీట వెనుక ఏ పైథాన్, ఏ కూర్పు నడచుచున్నదో తెలియనివానికి ఇది మంత్రమువలె తోచును. తెలిసినవానికి ఇది కార్యకారణ సంబంధము మాత్రమే.

కంటికి కనబడని గుర్తు

శామీర్‌పేట అను పేరును తీసికొన్న మరియొక విశేషము తెలియును. ఇందులో ర్ తరువాత పే విడిగా నిలుచుటకు కారణము వాని నడుమనున్న ఒక గుర్తు. దానికి వెడల్పు లేదు, కంటికి కనబడదు. యూనికోడ్‌లో దాని పేరు జీరో విడ్త్ నాన్‌జాయినర్. అది లేనిచో పేరు 'శామీర్పేట' అని, ప వత్తుతో అచ్చగును. మొదటి దానిలో సంకేతములు పది, రెండవ దానిలో తొమ్మిది. పలక వ్రాయువాని లెక్కలో మొదటిది అయిదు అక్షరములు, రెండవది నాలుగు. రెండును ఒకే ఊరి పేరు. యంత్రమునకు మాత్రము రెండు వేరు మాటలు. ఊరి పేరును బట్టి చిరునామాలను వెదకు ప్రోగ్రాము ఒక దానితో పరీక్షింపబడి పచ్చయైనచో, రెండవ విధముగా వ్రాసినవాని చిరునామా దొరకకపోవచ్చును. అన్యదేశ్య పదములను తెలుగులో వ్రాయునపుడు ఈ గుర్తు అడుగడుగునను వచ్చును. తెలుగు వ్రాయనివారు దీనిని పరీక్షలలో చేర్చవలెనని తలచుట అరుదు.

ఇది ఊహామాత్రమైన ప్రమాదము కాదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోనులలో ఒక తెలుగు అక్షరము ప్రపంచమంతట కలకలము రేపెను. జ, పొల్లు, ఞ, కంటికి కనబడని ఈ గుర్తు, దీర్ఘము: ఈ అయిదు సంకేతములు ఆ వరుసలో సందేశముగా వచ్చినచో, దానిని చూపబోయిన ప్రోగ్రాము కూలిపోయెడిది. విజ్ఞానము అను మాటలో నిత్యము వ్రాయు జ్ఞా అక్షరమునకు ఆ గుర్తు తోడగుటయే కారణము. ఆపిల్ కంప్యూటరుకు పంపినను ఇదే జరిగెడిది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న 11.2.6వ కూర్పును విడుదల చేసి దీనిని సరిదిద్దెను. ఆ సంస్థకు పరీక్షా సాధనముల కొరత ఉండెనని ఎవరును అనలేరు. కొరతయైనది పరీక్షలోని ప్రశ్న. తెలుగు ఎట్లు వ్రాయుదురో ఎరిగినవారు అడుగవలసిన ప్రశ్నను విడుదలకు ముందు ఎవరును అడిగి చూడలేదు. మన భాషను వాడు ప్రోగ్రాములకు పరీక్షలు వ్రాయు బాధ్యత మన విద్యార్థులదేనని దీనివలన స్పష్టమగును. మీట ఎంత సులభమైనను ఈ బాధ్యతను తాను తీసికొనదు.

పచ్చగుర్తుకు సహజమైన హద్దు

ఎన్ని పరీక్షలు వ్రాసిన చాలును అను ప్రశ్న ఇచట వచ్చును. 32 ద్విసంఖ్యాస్థానములు గల రెండు సంఖ్యలను కూడు అతి చిన్న ప్రోగ్రామును తీసికొందము. దానికి ఇవ్వగల జతలు 2ను 64 సార్లు గుణించినన్ని. క్షణమునకు నూరు కోట్ల పరీక్షలు చేసినను అన్నింటిని చూచుటకు సుమారు 585 సంవత్సరములు పట్టును. కావున పరీక్షలు ఎప్పుడును కొన్ని నమూనాలే. నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞుడు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా ఈ హద్దును 1969లోనే నొక్కిచెప్పెను. దోషము ఉన్నదని పరీక్ష నిరూపింపగలదు. ఏ దోషమును లేదని నిరూపింపజాలదు. విజ్ఞానశాస్త్రములోని సిద్ధాంతములకును ఇదియే గతి అని విద్యార్థులు గమనింపవలెను. నూరు ప్రయోగములతో పొసగిన సిద్ధాంతమును ఒక్క ప్రయోగము త్రోసిపుచ్చవచ్చును.

భాగములను విడివిడిగా పరీక్షించుటలో మరియొక హద్దు కలదు. 1998 డిసెంబరులో అమెరికా అంగారక గ్రహమునకు పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబరు 23న నాశనమైనది. ఒక బృందపు ప్రోగ్రాము ఆవేగమును పౌండు-సెకండ్లలో ఇచ్చెను. దానిని తీసికొన్న ప్రోగ్రాము న్యూటన్-సెకండ్లుగా భావించెను. రెండింటికి భేదము సుమారు 4.45 రెట్లు. రెండు భాగములను ఎవరి ప్రమాణములతో వారు పరీక్షించుకొన్నచో రెండును పచ్చగనే కనబడగలవు. తప్పు ఏ ఒక్క భాగములోను లేదు. భాగముల నడుమ ఉన్నది. భౌతికశాస్త్రములో ప్రతి సమాధానము ప్రక్కన ప్రమాణమును వ్రాయుమని ఉపాధ్యాయులు పట్టుబట్టుట వృథా కాదని ఇందువలన తెలియును.

నేడు ఇంకొక కొత్త పరిస్థితి ఏర్పడినది. ప్రోగ్రామును, దాని పరీక్షలను కూడ వ్రాసియిచ్చు కృత్రిమ మేధా సహాయకులు ఎడిటరులోనే ఉన్నవి. వీనిలో ఒకటియైన గిట్‌హబ్ కోపైలట్ 2022 నుండి అందరికి లభించుచున్నది. వ్రాసిన ప్రోగ్రామును చూపి, దీనికి పరీక్షలు వ్రాయుమని అడిగినచో, ఆ ప్రోగ్రాము ఇచ్చు సమాధానమునే రావలసిన సమాధానముగా వ్రాసిపెట్టు ప్రమాదము కలదు. మేడ్చల్‌కు రెండు అని చెప్పు ప్రోగ్రామునకు, రెండు రావలెనని చెప్పు పరీక్ష తోడగును. విద్యార్థియే ప్రశ్నపత్రము కూర్చి, విద్యార్థియే దిద్ది, తానే నూటికి నూరు మార్కులు వేసికొన్నట్లు అన్నియు పచ్చనగును. రావలసిన సమాధానము ప్రోగ్రాముతో సంబంధము లేని వేరొక మూలము నుండి వచ్చినప్పుడే పరీక్షకు విలువ.

ఉపాధ్యాయులు చేయదగినది

కనుక ఈ ఉపకరణమును తరగతి నుండి తొలగింపవలెననుట తెలివితక్కువ. లిట్మస్ కాగితమునకు హద్దులు కలవని దానిని ఎవరును పారవేయరు. వాడు రీతిని నేర్పవలెను.

మీటను ముట్టుటకు ముందు విద్యార్థి రావలసిన సమాధానములను కాగితముమీద వ్రాసికొనవలెను. ఆ సమాధానము అదియే ఎందుకైనదో ఒక్క వాక్యములో చెప్పగలగవలెను. పలక లెక్కయా, ఛందస్సు లెక్కయా అను భేదము ఆ వాక్యములోనే బయటపడును. పరీక్షకు తమ ఊరి పేర్లను, తమ ఇంటి పేర్లను తీసికొన్నచో, పరాయి పుస్తకములోని ఉదాహరణములు చూపని చిక్కులు దొరకును. నడిపిన తరువాత రంగునేగాక సంఖ్యను చూడవలెను: వ్రాసిన పరీక్షలెన్ని, నడచినవెన్ని? వారమునకు ఒకసారియైనను ఎడిటరు సహాయము లేకుండ, ఆదేశమును చేతితో వ్రాసి పరీక్షలను నడుపవలెను. అప్పుడు మీట వెనుక నడచు యంత్రాంగము ప్రత్యక్షమగును.

అన్నింటికంటె మంచి అభ్యాసము వేరొకటి కలదు. అన్నియు పచ్చనైన తరువాత, ప్రోగ్రాములో ఒక చిన్న తప్పును కావలెనని చేయవలెను: కూడిక చోట తీసివేత, ఒకటి చోట సున్న. మరల మీట నొక్కిన ఎరుపు రావలెను. రాకపోయినచో ఆ పంక్తిని ఏ పరీక్షయు కాపాడుట లేదని అర్థము. డిమిల్లో, లిప్టన్, సేవార్డ్ అను ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులు 1978లో ఈ భావమును శాస్త్రీయ పద్ధతిగా ప్రకటించిరి. ఇందులో ప్రోగ్రాము పరీక్షను కాక, పరీక్షయే పరీక్షను ఎదుర్కొనును. దీనికి ప్రత్యేక సాధనములు కలవు గాని, పాఠశాల విద్యార్థికి ఒక పెన్సిలు, అయిదు నిమిషముల కాలము చాలును. పదిమంది విద్యార్థులను జంటలుగా కూర్చుండబెట్టి, ఒకరి ప్రోగ్రామును వేరొకరు చెడగొట్టి పరీక్షలకు దొరకునేమో చూచుకొనుమన్నచో, ఒక గంట పాఠములో వారు నేర్చునది ఒక నెల దినములు పచ్చగుర్తులు చూచి నేర్వజాలరు.

ఎడిటరులోని పరీక్షల పలక మంచి సేవకుడు. అడిగిన ప్రశ్నను అలసట లేక మరల మరల అడుగును. దొరకిన సమాధానమును దాచక చెప్పును. అడుగవలసిన ప్రశ్న ఏదియో తెలిసికొనుట, అడుగకుండ మిగిలినది ఏదియో తలపోయుట మాత్రము దాని పని కాదు. కొంపల్లిలో అక్షరములు మూడని యంత్రమునకు చెప్పినది తెలుగు చదివిన మనిషి. ఆ మనిషి చదువు ఎంత లోతైనదో పచ్చగుర్తు విలువయు అంతే.